మా రేవు ముందు వదిలేసిన పూడిక

గౌరవనీయులైన సంబంధిత అధికారులకు,

తాము ఏ శాఖకు చెందినవారో, ఏ అంతస్తులో కూర్చుంటారో ఈ అర్జీదారుకు తెలియదు. కాలువలు కట్టేవారు, వదిలేవారు, ఖైదీలను పంపినవారు, తిరిగి తెచ్చినవారు, మరణాలను నమోదు చేసేవారు, నమోదు చేయడం మరిచిపోయినవారు అందరూ ఎక్కడో ఒకచోట ఒకే గొడుగు కిందికి వస్తారన్న నమ్మకంతో ఈ నివేదన సమర్పిస్తున్నాను. దీని నకలు పాఠకులకు కూడా పంపడమైనది. తమకంటే ముందు వారే చదువుతారని అనుభవం చెబుతోంది.

విషయం: మా మేనత్త మరణించారు.

ఆ రోజు నేను భీమవరం నుంచి బయలుదేరి, నిడదవోలు స్టేషన్లో రాజమండ్రి వైపు వెళ్లే రైలు కోసం నిలబడి ఉన్నాను. మధ్యాహ్నం మూడింటికల్లా రామచంద్రపురం దగ్గరి మా ఊరు చేరి, కాలువ రేవులో అత్తయ్య పక్కన సాక్షిగా నిలబడాలన్నది కార్యక్రమం. దేనికి సాక్షి అన్నది క్రమంగా విన్నవించుకుంటాను. రైలు రాకముందే బాబాయి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

"ఎక్కడున్నావురా?"

"నిడదవోలులో, బాబాయ్."

"నేను అన్నవరంలో ఉన్నాను. ప్రసాదం లైన్లో." వెనక ఎవరో పిల్లని గట్టిగా పిలుస్తున్నారు. "అక్క పోయిందిరా. మన రేవులోనే. కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందంట. ఇప్పుడే పొక్లెయిన్ అతను ఫోన్ చేశాడు."

కాలువలో పూడిక తీయడానికి వచ్చిన పొక్లెయిన్ నడిపే మనిషి దగ్గర మా బాబాయి నంబరు ఎందుకుండాలన్న ప్రశ్న ఆ క్షణాన నాకు తట్టలేదు. తట్టిన తర్వాత ఈ అర్జీ అవసరమైంది.

మరణ ధ్రువపత్రంలో కారణం గుండె ఆగిపోవడం అని రాశారు. ఇది ఎవరి మరణానికైనా సరిపోయే కారణం కనుక మా కుటుంబానికి అభ్యంతరం లేదు.

అత్తయ్య రామచంద్రపురంలో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవారికి "లెక్క కుదరలేదు" అని చెప్పేవారు. అడిగినవారు ఆ జవాబులో ఏదో లోతు ఉందనుకుని వెళ్లిపోయేవారు. రిటైరైన తర్వాత కూడా ఆవిడ చేతిసంచీలో ఒక ఎర్ర పెన్ను ఉండేది. దానితో పెళ్లి శుభలేఖలు దిద్దేవారు, కరెంటు బిల్లులు దిద్దేవారు. రేషన్ షాపు ముందు అంటించిన ప్రకటనలో కూడిక తప్పుంటే సరిచేసి, పక్కన చిన్నగా సంతకం పెట్టి వచ్చేవారు. ఎవరైనా ఎదురు మాట్లాడబోతే బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టేవారు. బల్ల లేని చోట మా భుజం బల్లగా పనికొచ్చేది.

ఆవిడ పాఠం చెప్పిన వాళ్లందరికీ ఒక మాట గుర్తుంటుంది. పరీక్షలో సమాధానం రాకపోతే "తెలియదు" అని రాయమనేవారు. "తెలియదని నిజం రాస్తే సగం మార్కులిస్తాను. తెలిసినట్టు రాస్తే సున్నా." పై అధికారులు దీని మీద సంజాయిషీ అడిగారట. ఇంత నిజాయితీ ఉన్న తప్పుకు ఇంకే మార్కులివ్వాలో తమరే సెలవివ్వండని రాసి పంపారట. జవాబు రాలేదు. జవాబు రాకపోవడం ఆవిడకు అప్పటి నుంచే అలవాటు.

ఇక ఖైదీ సంగతి. మా ముత్తాత, అంటే అత్తయ్యకు తాతయ్య, శిక్షపడిన ఖైదీ. మా వంశంలో ప్రభుత్వ రికార్డులకెక్కిన మొదటి మనిషి ఆయనే. దొరల కాలంలో వరికి నీళ్లు పెట్టుకునే వంతు దగ్గర తూము మీద గొడవ జరిగింది. మా ముత్తాత చేతిలో పార ఉంది. అవతలి మనిషి మళ్లీ లేవలేదు. కోర్టువారు ద్వీపాంతరవాసం విధించి అండమాన్ పంపించారు. ఇంటి దగ్గర భార్య, ఆమె చంకలో బిడ్డ, ఉమ్మడి పొలం, ఆ పొలం చూసుకోవడానికి ఒక తమ్ముడు మిగిలారు. ఆ బిడ్డ మా తాతయ్య. ఆ తమ్ముడికి మనవడు మా బాబాయి. మా తాతయ్య పెద్దయ్యాక రామచంద్రపురం వచ్చేశారు. కాలువ గట్టు మీది పాత ఇల్లు తమ్ముడి వంశానికి ఉండిపోయింది. ఇంతకు మించి బంధువులను ఈ అర్జీలో ప్రవేశపెట్టను.

ఆయన చివరికి ఏమయ్యాడన్న ప్రశ్నకు మా ఇంట్లో తయారుగా ఒక జవాబు ఉండేది. ద్వీపంలోనే జ్వరమొచ్చి పోయాడు, కబురు చెబుతూ ఉత్తరం వచ్చింది, ఆ వేసవిలో, కాలువకు నీళ్లు కట్టేసిన రోజుల్లో, భార్య బొట్టు తీసేసింది. ఉత్తరాన్ని చూసినవారు ఎవరూ లేరు. చూసినవారిని చూశామని చెప్పేవారికి మాత్రం కొదవ ఉండేది కాదు.

అత్తయ్యకు ఈ జవాబుతో పేచీ పుష్కరాల వల్ల వచ్చింది. వచ్చే గోదావరి పుష్కరాల్లో రాజమండ్రి రేవులో తాతకు నా చేత పిండం పెట్టించాలని ఆవిడ అనుకున్నారు. దానికి ముందు ఏటేటా పెట్టాల్సిన తద్దినం ఒక్కసారి కూడా పెట్టలేదని, పెట్టడానికి తిథే లేదని బయటపడింది. ఇంటికొచ్చిన పంతులుగారు ధైర్యం చెప్పబోయారు.

"తిథి తెలియనివాళ్ల కోసమే మహాలయ అమావాస్య ఉందండి టీచరుగారూ. ఆ రోజు పెట్టేస్తే ఎక్కడ పోయినవాళ్లకైనా అందుతుందండి."

"అమావాస్య మీద నాకేం కోపం లేదండి. కానీ వెతికి తెలియలేదంటే వేరు, వెతక్కుండా తెలియదంటే వేరు. రెండో దానికి నేను సగం మార్కులు కూడా ఇవ్వనండి."

పంతులుగారు ఒకప్పుడు తన కూతురి లెక్కల పేపరు విషయమై ఆవిడ దగ్గరకు వచ్చి వెళ్లిన మనిషి. బుద్ధిగా కాఫీ తాగారు.

అలా వెతుకులాట మొదలైంది. ద్వీపాలకు పంపిన ఖైదీల మరణ పట్టికలు కొన్ని ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించారు. అత్తయ్య ఒక ట్యాబ్ కొనుక్కుని, రోజూ పొద్దున కాఫీతో పాటు ఆ పేజీలు చదివేవారు. జ్వరం, విరేచనాలు, జ్వరం, చెట్టు మీద పడుట, జ్వరం. ఎవరెవరివో పేర్లు, ఎవరెవరివో ఊళ్లు. పూర్తయ్యాక నాకు ఫోన్ చేసి, "ఇవాళ కూడా లేడు" అని, పాలవాడు రాలేదన్నంత మామూలుగా చెప్పి పెట్టేసేవారు. సమాచార హక్కు కింద దరఖాస్తులు పెట్టించారు. టైపు చేసేది నేను, దిద్దేది ఆవిడ. ఒక దరఖాస్తుకు "మీరు కోరిన ఖైదీ ప్రస్తుతం మా వద్ద లేరు" అని సమాధానం వచ్చింది. ఆవిడ దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు. మా వంశానికి సంబంధించి ప్రభుత్వం చెప్పిన ఒకే ఒక్క పూర్తి నిజం అదేనని వచ్చినవారికి చూపించేవారు.

ఒకరోజు ఫోన్లో గొంతు మారింది.

"ఒరేయ్, ఇన్నాళ్లూ చచ్చిపోయినవాళ్లలో వెతుకుతున్నాను. ఎందుకు వెతుకుతున్నాను?"

"అక్కడే పోయారు కాబట్టి అత్తయ్యా."

"అక్కడ పోయాడని ఎవరు చెప్పారు? ఇంట్లో చెప్పారు. ఇచ్చిన దత్తాంశమే తప్పయితే లెక్క ఎలా వస్తుందిరా? చచ్చినవాళ్లలో లేడంటే బతికున్నవాళ్లలో చూడాలి కదా. ఇంత చిన్న తప్పు చేశానేంటి నేను!"

విడుదలైనవారి పట్టిక తెరిచిన కొద్ది రోజులకే ఆయన దొరికాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, చేసిన నేరం అన్నీ సరిపోయాయి. సత్ప్రవర్తన వల్ల శిక్ష తగ్గించి, ఓడలో తెచ్చి, రాజమండ్రి జైలు గుమ్మం దగ్గర వదిలినట్టు ఉంది. నేను అభినందించాను. ఆవిడ అభినందన తీసుకోలేదు. అవతల మాట్లాడకుండా ఊపిరి తీస్తూ ఉండిపోయారు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ నిశ్శబ్దంలోనే ఆవిడ ముందుకు చాలా దూరం వెళ్లిపోయి, మిగతావాళ్లం రావడానికి ఆగినట్టు అనిపిస్తుంది.

అలా విడుదలైన ఖైదీల మీద కొంతకాలం ఊరి మునసబు కన్నేసి ఉంచి, నెలనెలా పైవారికి చీటీ రాసేవాడట. పాత కాగితాలు భద్రపరిచే ఒక భవనంలో, ఎర్రగుడ్డ కట్టలో ఆ చీటీలు ఉన్నాయి. ఇద్దరం కలిసి వెళ్లాం. అత్తయ్య కళ్లజోడు తుడుచుకుని, క్లాసులో చదివినట్టు పైకి చదివారు.

మొదటి చీటీ: పై మనిషి ఊరు చేరి ఇంటివద్ద ఉన్నాడు.

రెండో చీటీ, కాలువలు కట్టేసిన నెలది: పై మనిషి హాజరు కాలేదు. కాశీ పోయినట్టు ఇంటివారు చెప్పినారు.

మూడో చీటీ లేదు. విడుదల పట్టికలో ఆయన పేరు పక్కన, చివరికి ఏమయ్యాడో రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

ఆ విధంగా మా ముత్తాత ఒకే కాలంలో ద్వీపంలో జ్వరంతో మరణించి, ఇంట్లో భోజనం చేస్తూ, కాశీకి ప్రయాణమై ఉన్నాడు. మన దేశంలో ఒక మనిషి ఇన్ని చోట్ల ఉండడానికి సాధారణంగా ఓటరు జాబితా అవసరమవుతుంది.

అత్తయ్య లేచారు. కట్ట జాగ్రత్తగా కట్టి ఇచ్చేసి, బయట హోటల్లో ఇడ్లీ చెప్పారు. చట్నీ బాగుందన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్న తర్వాత అన్నారు.

"నాకు ఎప్పుడూ కాశీ అని ఎవరూ చెప్పలేదు. నీకు చెప్పారా?"

"లేదత్తయ్యా."

"సర్కారుకి కాశీ అని చెప్పారు. పిల్లలకి ద్వీపం అని చెప్పారు. నాయనమ్మ బొట్టు తీసింది ఆ వేసవిలోనే. కాశీ పోయినవాడికి ఎవరైనా బొట్టు తీసేస్తారంట్రా?"

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి విన్నవించుకోవాలి. డెల్టాలో ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారని, నీరు లాగాక పూడిక తీస్తారని తమకు తెలిసిందే. మిగతా ఊరికి అది పండగ. గుంటల్లో మిగిలిన చేపల కోసం పిల్లలు, పెద్దలు బురదలో దిగుతారు. మా కాలువ ఇంట్లో మాత్రం నీళ్లు ఆగిన రోజు కాలువ వైపు తలుపు మూసి గడియ వేస్తారు. మళ్లీ నీళ్లు వదిలిన రోజే తీస్తారు. మా పిల్లలెవరూ ఆ రోజుల్లో గట్టు మీదికి వెళ్లకూడదు. అడిగితే పాములంటారు. పక్కింటి పిల్లల్ని ఆ పాములు ఎందుకు కరవవో మేము అడగలేదు.

ఆచారంలో రెండో భాగానికి ఊళ్లో మంచి పేరుంది. పూడిక తీసే కూలీలు తట్టలూ పారలూ పట్టుకుని మా రేవు దాకా వచ్చిన రోజు వాళ్లందరికీ మా ఇంట్లో భోజనం. పప్పు, పులుసు, గుమ్మడికాయ కూర, గడ్డపెరుగు. తిని, కాసేపు నడుం వాల్చి, లేచాక వాళ్లు మా రేవు దాటిన తర్వాత నుంచి పని మొదలుపెట్టేవారు. మా రేవు ముందు ముక్క ఎప్పుడూ తవ్వరు. అంత మంచి భోజనం పెట్టిన ఇంటి ముందు బురద ఎత్తి పోయడం మర్యాద కాదని అనుకునేవారు. ఏళ్ల తరబడి అక్కడ మేట వేసి జమ్ము మొలిచింది. మా రేవు దగ్గర కాలువ కాస్త వంగి పారుతుంది. పటంలో ఆ వంపు లేదు.

చిన్నప్పుడు వేసవి సెలవులకు నాయనమ్మ దగ్గరికి వచ్చి ఆ భోజనాల్లో మజ్జిగ పోసింది అత్తయ్యే. తిరుగు బస్సులో ఆ సంగతి ఎత్తారు. "నాయనమ్మ అందరికీ తానే వడ్డించేదిరా. వాళ్లు తింటుంటే వంటింటి గడప మీద నిలబడి చూసేది. అందరూ చేతులు కడుక్కుని, పారలు తీసుకుని అవతలికి వెళ్లేదాకా తను మాత్రం మంచినీళ్లు కూడా తాగేది కాదు. దానం అనుకున్నాను నేను. ఎంత గొప్ప మనసో అని స్కూల్లో వ్యాసం కూడా రాశాను."

"ఎన్ని మార్కులొచ్చాయి?"

"పూర్తి మార్కులొచ్చాయి" అన్నారు ఆవిడ. తర్వాత మెల్లగా, "కాలువలో నీళ్లున్నప్పుడు ఎవరూ గొయ్యి తవ్వలేరు కదరా" అన్నారు.



ఇప్పుడు తట్టలూ పారలూ లేవు. పొక్లెయిన్ వస్తుంది. ఆచారం కూడా కాలానికి తగినట్టు సర్దుకుంది. మిషను మా ఊరి వైపు వచ్చే రోజు బాబాయి కాలువ తలుపు మూసి, సకుటుంబంగా అన్నవరం వెళ్లి సత్యనారాయణ వ్రతం చేయించుకుంటారు. ఆపరేటరుకు హోటల్ నుంచి బిర్యానీ ప్యాకెట్ పంపిస్తారు. ముందురోజు ఫోన్ చేసి, మా రేవు దగ్గర అవసరం లేదండి, అవతల నుంచి చేసుకోండి అని చెబుతారు. వాళ్ల నాన్న అలాగే చేశారు, తాత అలాగే చేశారు. ఎందుకని బాబాయి ఎన్నడూ అడగలేదు. అడగకుండా ఉండటం కూడా ఆచారంలో భాగమే.

అత్తయ్య ఈ ఏడాది మా రేవు ముందు పూడిక అడుగంటా తీయించాలని అర్జీ పెట్టి, ఆ అర్జీ నకలు తీసుకుని స్వయంగా కాలువ ఇంటికి వెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. బాబాయి అర్జీ చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివారు.

"అక్కా, ఇవన్నీ ఇప్పుడెందుకు చెప్పు."

"పుష్కరాలొస్తున్నాయిరా తమ్ముడూ. తాతకి తిథి కావాలి."

"అమావాస్య నాడు పెట్టెయ్యొచ్చుగా?"

"తెలియకపోతే పెట్టొచ్చు. నాకు సగం తెలిసింది."

బాబాయి చాలాసేపు జమ్ము వైపు చూశారు. తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతూ ఉంటుంది.

"నీకు ఆయన తాతయ్య. నాకు ఇంకో తాతయ్య ఉన్నాడు కదక్కా. నీ తాతకి తిథి దొరికితే నా తాతకి ఏం దొరుకుతుంది?"

అత్తయ్య బల్ల మీద వేలితో కొట్టబోయి ఆగిపోయారు. ఆవిడ అలా ఆగడం నేను మరెప్పుడూ చూడలేదు.

"నీ తాతకి ఏటా పిండం పెడుతున్నావు. అది ఆపమని నేను అనలేదురా. పక్కన ఇంకొకటి పెట్టమంటున్నాను."

"అక్కడ ఏమీ లేకపోతే?"

"ఏమీ లేదని రాస్తాం. దానికీ మార్కులుంటాయి."

బాబాయి లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. "మిషను వచ్చే రోజు మేము ఎలాగూ ఉండం. ఇల్లు తీసుకో. కాలువ తలుపు మాత్రం తియ్యకక్కా."

"ఆ తలుపు తియ్యకపోతే తాళం ఎందుకురా నాకు?"

ఆయన తాళంచెవి వెనక్కి అడగలేదు. ఆయన ఆరోజు తాళం ఎందుకిచ్చారన్నది ఇంతవరకూ నాకు అర్థం కాలేదు. ఆయనకు కూడా అర్థమైనట్టు లేదు.

మిగిలింది ఆపరేటరు నాకు చెప్పిన వాంగ్మూలం. టోపీ చేతిలో నలుపుతూ చెప్పాడు.

"నేను వచ్చేసరికే అమ్మగారు రేవు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునున్నారండి. వెనకాల తలుపు బార్లా తీసుంది. ఏటా ఆ తలుపు మూసుండేదండి, నేనెప్పుడూ ఆ ఇంటి లోపల చూడలేదు. ఇక్కడ వదిలెయ్యమన్నారు కదండి అన్నాను. ఎవరన్నారు అన్నారు. ఆయనగారండి అన్నాను. ఆయన నా తమ్ముడు, నేను అక్కని, తవ్వు అన్నారండి."

"తవ్వావా?"

"నాకేం తోచలేదండి. ఒకరు వద్దన్నారు, ఒకరు తవ్వమన్నారు. ఆయనగారికి ఫోన్ చేశాను, కొండ మీద సిగ్నల్ లేదు. ఈలోగా హోటల్ అబ్బాయి బిర్యానీ తెచ్చాడు. అమ్మగారు ఆ ప్యాకెట్ చూసి నవ్వారండి. ముందు తిను బాబూ, తిన్నాక తవ్వుదువు గానీ అన్నారు. అలా పక్కకెళ్లి తిని వచ్చాను. పిలిస్తే పలకలేదు. కళ్లు తెరిచే ఉన్నాయండి, జమ్ము వైపు. చూస్తున్నారేమో అనుకున్నాను."

ఆ తర్వాత అతను మిషను ఆపేశాడు. పెద్దావిడ పోయిన చోట ఆ రోజు బురద కదపడం అతనికి మనసొప్పలేదు. మర్నాటికి మిషను పై ఊళ్లో ఉండాలి. మైల పడిన ఇంటి ముందు ఎవరు మాత్రం తవ్వమంటారు? ఈ విధంగా మా రేవు ముందు ముక్క ఈ ఏడాది కూడా, ఎప్పటిలాగే భోజనానంతరం, మర్యాద కోసం వదిలేయబడింది. మా కుటుంబం ఇన్నాళ్లు వాడిన కారణాలన్నిటిలోకీ ఇదే బలమైనది. దాన్ని ఇచ్చింది అత్తయ్య.

నిర్దోషులు ఉన్నారో లేరో తెలియని ఈ వ్యవహారంలో, అధికారులు ఒక్క విషయం గమనించాలని కోరుతాను. మా ముత్తాత తూము మీద ఒక మనిషిని చంపాడు. దానికి కోర్టు ఉంది, శిక్ష ఉంది, ఓడ ఉంది, పట్టిక ఉంది, విడుదల ఉంది. ఆ తర్వాత జరిగినదానికి ఒక భోజనం మాత్రమే ఉంది.

అత్తయ్య పెద్దకర్మ నాడు పంతులుగారు ఆవిడ తండ్రి పేరు చెప్పమన్నారు, చెప్పాను. తాత పేరు చెప్పమన్నారు, చెప్పాను. పక్కనే కూర్చున్న బాబాయి ఆ పేరు వినగానే తల వంచుకున్నారు. ఆ పేరు బాబాయి సమక్షంలో పైకి పలకడం బహుశా అదే మొదటిసారి.

భోజనాలయ్యాక ఆయన నన్ను రేవు దగ్గరికి తీసుకెళ్లారు. కాలువ వదిలి కొద్ది రోజులైంది. ఎర్రనీళ్లు నిండుగా పారుతున్నాయి. జమ్ము దగ్గరికి వచ్చేసరికి నీరు పక్కకి ఒరిగి, చుట్టు తిరిగి, మళ్లీ దారిలో కలుస్తోంది. కుర్చీ అక్కడే ఉంది. ముందు కాళ్లు రెండూ నీళ్లలో ఉన్నాయి. ఎవరూ దాన్ని లోపలికి తెచ్చినట్టు లేదు. దాని వెనక కాలువ తలుపు తెరిచే ఉంది.

"తలుపు వేద్దామని రోజూ అనుకుంటానురా" అన్నారు బాబాయి. "కుర్చీ అలా అటు తిరిగి ఉంటే, దాని వెనకాల నేను తలుపు మూస్తే, అక్కని బయట పెట్టి గడియ వేసినట్టు అనిపిస్తోంది. కుర్చీ తీద్దామంటే చెయ్యి రావట్లేదు."

నేను కూడా కుర్చీని ముట్టుకోలేదు.

"ఆ అర్జీ మళ్లీ పెడతావా?"

"పెడతాను బాబాయ్."

ఆయన నీళ్లవైపే చూస్తూ అన్నారు. "పెడితే అర్జీదారుల్లో నా పేరు కూడా రాయి. మిషను అతనికి నేనే చెబుతాను." ఇంటివైపు తిరిగి, "భోజనం కూడా పెడదాం. అది మానేస్తే బాగుండదు. కాకపోతే ఈసారి తవ్విన తర్వాత పెడదాం" అన్నారు.

ఆ రాత్రి నేను అత్తయ్య ఇంట్లో ఆవిడ ఎర్ర పెన్ను తీసుకుని పాత అర్జీ నకలు దిద్దాను. పెద్దగా దిద్దడానికేమీ దొరకలేదు. కాబట్టి, పైన చెప్పిన సంగతులన్నీ నాకు తెలిసినంతవరకు నిజమనీ, తెలియనివి తెలియదనే రాశాననీ ధ్రువీకరిస్తూ, మా కోరికను ఇందుమూలముగా దాఖలు చేస్తున్నాను.

డిమాండు నం. 1: వచ్చే వేసవిలో కాలువ కట్టేసిన పిమ్మట, రామచంద్రపురం సమీపంలోని మా రేవు ఎదుట ఎన్నడూ తీయని పూడికను, మా వంశపు రెండు శాఖల వారసుల సమక్షంలో, గట్టి నేల తగిలేదాకా తవ్వించవలెను. దొరికినది దొరికినట్టు, ఏమీ దొరకనిచో దొరకనట్టు, మా ముత్తాత పేరు పక్కన ఖాళీగా ఉన్న గడిలో రాయించవలెను. తవ్వే సమయమున కాలువ వైపు తలుపు తెరిచి ఉండును. రేవు మీది కుర్చీని ఎవరూ జరపరాదు.